మోదుగులకుంట వార్తలు

ఆ ఏడు వానకాలం మా అత్తమ్మ చదవడం నేర్చుకుంది. నేర్పింది టీచరునైన నేను కాదు, ఏడో తరగతి చదివే సింధూజ అనే పిల్ల. అరవై రెండేళ్ల మనిషికి అక్షరాలు వస్తున్నాయంటే ఇంట్లోవాళ్లు ఎవరైనా సంబరపడతారు. నేనూ పడ్డాను, కొన్నాళ్లు.

మేముండే కాలనీ గజ్వేల్ పక్కన. రిజర్వాయర్ కింద ఊళ్లు పోయినవాళ్లకు కట్టించిన ఇండ్లు. అన్నీ ఒకటే కొలత, ఒకటే రంగు, ఒకటే గేటు. కొత్తలో ముసలివాళ్లు పొద్దున బయటికి పోయి వచ్చేటప్పుడు వేరేవాళ్ల గేటు తీసుకుని లోపలికి వెళ్లేవాళ్లు. మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాక గానీ అది తమ ఇల్లు కాదని తెలిసేది కాదు. మా మామ లక్ష్మీరాజం రెండేళ్లపాటు అలాగే తప్పిపోతూ వచ్చాడు. ఒక మధ్యాహ్నం మాత్రం సరిగ్గా మా ఇంటికే వచ్చి, అన్నం తిని, నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. జబ్బంటూ ఏమీ లేదు. అప్పటికి మా మోదుగులకుంట మునిగి రెండేళ్లు. నేను చెప్పే వానకాలానికి నాలుగేళ్లు.

మా ఆయన గజేందర్ గజ్వేల్ మార్కెట్లో కూరగాయల వ్యాపారం చేస్తాడు. నేను అదే జూన్‌లో బదిలీ మీద కాలనీ బడికి వచ్చాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగు చెప్పాలి. పిల్లలకు అక్షరాలు వచ్చు, పదాలు కూడబలుక్కుంటారు. చదివింది ఏమిటని అడిగితే మాత్రం నా ముఖం చూస్తారు. వాచకంలోని పాఠాలు వాళ్లకు ఎవరివో సంగతులు.

అందుకని బడికి ఒక దినపత్రిక వేయించాను. పొద్దున ప్రార్థన అయ్యాక పేజీలు విడదీసి పంచేదాన్ని. ఒక్కొక్కరు ఒక వార్త వెతుక్కుని, కత్తిరించి, చార్టు మీద అతికించి, దాన్ని తమ మాటల్లో చెప్పాలి. బడిలో వంట చేసే ఆమె మైదా ఉడికించి జిగురు ఇచ్చేది. ములుగు దిక్కున అడవి పందులు మక్కచేన్లు తొక్కిన వార్త మీద ఎనిమిదో తరగతి పిల్లలు ఒక పీరియడంతా కొట్లాడుకున్నారు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు పేపరు కోసం ముందే వచ్చి గేటు దగ్గర నిలబడడం మొదలైంది.

తర్వాత వాళ్ల సొంత వార్త కూడా రాయమన్నాను. రోజుకు నాలుగు వరుసలు. బోర్డు మీద పెద్దగా రాసి పెట్టాను: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది. ఆ సంగతి చెప్పింది ఎవరో కూడా ఉండాలన్నాను. హెడ్మాస్టరు ప్రభాకర్ సారు గేటు పక్క గోడకు ఒక చెక్క బోర్డు కొట్టించి, వానకు తడవకుండా పైన రేకు వేయించాడు. బాగా రాసినవాటిని రోజూ దాని మీద పెట్టేవాళ్లం. పెద్దవాళ్లు వచ్చి చదువుతారని ఆశ.

సింధూజ కిటికీ పక్క కూర్చునేది. తల్లిదండ్రులు భివండిలో మగ్గాల మీద పనిచేస్తారు. ఈ పిల్ల ఇక్కడ కళ్లు కనబడని అమ్మమ్మతో ఉంటుంది. మా ఊరి పిల్లే. ఊరు ఖాళీ చేసినప్పుడు దానికి ఎనిమిదేళ్లు. సింధూజ ఇచ్చిన మొదటి వార్త ఇది:

"మోదుగులకుంట, జూన్ 19: నిన్న సాయంత్రం మా ఊరిలో ఒక మోస్తరు వర్షం కురిసింది. కుమ్మరి వాడలో నీళ్లు నిలిచాయి. బడి వెనుక గోడ కొంత కూలింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు."

పిల్లలు నవ్వారు. నేను దగ్గరికి పిలిచాను.

"ఇది పాత ముచ్చట గద సింధూజా. ఇప్పటి వార్త రాయాలె."

"ఇప్పటిదే టీచర్."

"ఆ ఊరు నీళ్లల్ల ఉన్నది."

"ఉన్నది టీచర్," అంది.

నా మాటనే తిరిగి అంటోందనుకున్నాను. అందులో ‘ఉన్నది’ అన్న సగాన్నే ఒప్పుకుందని అప్పుడు నాకు తెలియలేదు.

ఊహించి రాస్తోంది, రాయనీ అనుకున్నాను. తప్పుల్లేవు, వాక్యాలు పేపర్లో ఉన్నట్టే ఉన్నాయి. బోర్డు మీద పెట్టాను. మర్నాడు వెంకటేశ్ గారి బర్రె తప్పిపోయిందని రాసింది. రెండు రోజులకు అది చింతల తోపులో దొరికిందని రాసింది. పిల్లలు నవ్వడం మానేసి, పొద్దున రాగానే బర్రె దొరికిందా అని సింధూజను అడిగేవాళ్లు. ఇంటికి పోయి పెద్దవాళ్లకు చెప్పేవాళ్లు. పది రోజులు తిరిగేసరికి సాయంత్రం బడి వదిలాక గోడ దగ్గర మనుషులు నిలబడడం మొదలుపెట్టారు. చదవడం రానివాళ్లు పిల్లల భుజాలు పట్టుకుని చదివించుకునేవాళ్లు. వాళ్లలో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. విని, కాసేపు నిలబడి, వెళ్లిపోయేవాళ్లు.

జూలై మొదటి వారంలో ఒకరోజు సింధూజ కాగితంలో మా మామ పేరు కనబడింది. "లక్ష్మీరాజం గారి వంటింటి గూట్లో కవ్వం దొరికింది. నాలుగేళ్లుగా అది అక్కడే ఉందని, చెదలు పట్టలేదని లక్ష్మీరాజం గారు తెలిపారు."

చనిపోయినవాళ్ల పేర్లు రాయకూడదని మందలించాను. చెప్పినవాళ్ల పేరు పెట్టమన్నది మీరే కదా టీచర్ అని సింధూజ మెల్లగా అంది. ఆ కాగితం బోర్డు మీద పెట్టలేదు. కానీ పిల్లలు విననే విన్నారు. సాయంత్రానికి ఆ సంగతి మా ఇల్లు చేరింది.

అత్తమ్మ పేరు బాలలక్ష్మి. నేను ఇల్లు చేరేసరికి ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండా అడిగింది.

"కవ్వం సంగతి పిల్లకు ఎవలు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదన్నాను. ఏదో ఊహించి రాసి ఉంటుందన్నాను.

"అన్ని సదురుకున్నవా, ఏమన్న మర్చిపోయినవా అని ట్రాక్టరు ఎక్కెటప్పుడు మీ మామ నాలుగుసార్లు అడిగిండు. లేదు లేదన్న. సగం తొవ్వల యాదికొచ్చింది, గూట్ల కవ్వం. తిడ్తడని చెప్పలే. ఇయ్యాల్టిదాక ఎవలికి చెప్పలే."

మళ్లీ చిక్కుడుకాయల మీదికి వంగింది. మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నం పూట పలక పట్టుకుని సింధూజ వాళ్ల ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. బడిపిల్లలు ఒక్కొక్కరు ఒక పెద్దమనిషికి చదువు చెప్పాలని అప్పటికే పురమాయించి ఉన్నాను. సింధూజ అమ్మమ్మకు చూపు లేదు గనుక ఆ పిల్ల చేతికి మా అత్తమ్మ చిక్కింది. మా ఆయన మురిసిపోయాడు. నేను పలకలూ పెన్సిళ్లూ తెచ్చి ఇచ్చాను.

జూలై మధ్యలో మా వెనక లైన్లో ఉండే లక్ష్మీబాయి చనిపోయింది. పొద్దున కోడలు లేపబోతే లేవలేదు. ఆ రోజు సింధూజ ఇచ్చిన వార్త: "నిన్న సాయంత్రం బస్సుకు లక్ష్మీబాయి గారు ఊరికి తిరిగి వచ్చారు. ఇంటికి తాళం ఉండడంతో పక్కింటి అరుగు మీద కూర్చున్నారు." చావు కబురు తెల్లవారకముందే కాలనీ అంతా పాకింది. పిల్ల విని రాసి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

రాజనర్సు విషయంలో అలా చెప్పుకోవడానికి వీల్లేకపోయింది. ఆయన మోదుగులకుంటలో కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. ఇక్కడ ఎక్కడానికి చెట్లు లేక పక్కనే ఉన్న ములుగులో కావలి పనికి కుదిరాడు. సోమవారం నాడు సింధూజ రాసింది: "రాజనర్సు గారి ఇల్లు ఊడ్చి సున్నం వేస్తున్నారు. వాకిట్లో కొత్త కుండలు పెట్టారు." ఆ సాయంత్రం రాజనర్సు కూడా గోడ దగ్గరికి వచ్చి తన పేరు చదివించుకున్నాడట. నవ్వి, సున్నం నేనే వేసుకునేవాణ్ని కదా అన్నాడట. గురువారం డ్యూటీలో కుర్చీ మీదే పోయాడు. శుక్రవారం నాటి వార్తలో ఆయన బస్సు దిగాడు.

ఆ సాయంత్రమే నేను సింధూజ ఇంటికి వెళ్లాను. గడప మీద కూర్చుని నోటుబుక్కు తెరుచుకుని ఉంది. లోపల అమ్మమ్మ గోడకు చేరగిలబడి మా మాటలు వింటోంది.

"నీకు ఎవలు చెప్తున్నరు బిడ్డా?"

"ఎవలు చెప్పరు టీచర్. ఎవరు అని రాసి ఆగుత. జరసేపటికి పేరు వస్తది. ఎప్పుడు అని రాస్త. గదీ వస్తది. మీరు నేర్పినట్టే అడుగుత."

"అడుగుడు బంద్ చెయ్యి."

"చేసిన టీచర్, రెండు దినాలు. రాయకుంటే చెయ్యి గుంజుతది."

కుడిచెయ్యి చాచి చూపించింది. చూడ్డానికి మామూలు చెయ్యే. వేళ్లకు సిరా. పట్టుకుంటే మాత్రం మోచేతి దాకా చల్లగా ఉంది, బావినీళ్లలో ముంచి తీసినట్టు.

మర్నాడు ప్రభాకర్ సారుతో మాట్లాడి సొంత వార్తలు ఆపేశాను. గోడ మీద ఇకనుంచి పేపరు వార్తలు మాత్రమే ఉంటాయని చెప్పాను. కాలనీవాళ్లు గొడవ చేస్తారనుకున్నాను. చేయలేదు. ఒక్కొక్కరుగా మా ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగేవాళ్లు. పోయిన మా ఇంటాయన అక్కడ ఉన్నాడేమో ఒకసారి పిల్లను అడగమ్మా అని ఒకామె. నా ఇల్లు సున్నం వేస్తే నాకు ముందే చెప్పండి, బిడ్డను పిలిపించుకుంటాను అని ఇంకొకాయన. వాళ్లు బతిమాలలేదు, ఏడవలేదు. బస్సు టైము కనుక్కున్నంత మామూలుగా అడిగారు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

అత్తమ్మ పలక మాత్రం ఆగలేదు. శ్రావణమాసం వచ్చేసరికి ఆమె నా భుజం మీది నుంచి పేపరు పెద్దక్షరాలు చదివేది. గుణింతాలు వచ్చేశాయి. ఒత్తుల దగ్గర తడబడేది. పెరుగు ప్యాకెట్ల మీద, బస్సుల మీద, మాత్రల అట్టల మీద ఏది కనబడితే అది చదివేది. రిజర్వాయర్‌లో నీటిమట్టం ఎంతని జిల్లా పేజీలో రోజూ ఒక మూల వేస్తారు. దాన్ని వేలు పెట్టి చదివేది. ఇల్లంతా ఆ గొంతే. ఇన్నేళ్లూ మాతో ఉన్న మనిషేనా అనిపించేది.

ఆగస్టు చివర ఒక సోమవారం బడిలో వ్యాసాల నోటుబుక్కులు దిద్దుతున్నాను. సింధూజ పుస్తకం తెరిచాను. వ్యాసం ఉండాల్సిన చోట నాలుగు వరుసలున్నాయి.

"మోదుగులకుంట: లక్ష్మీరాజం గారి ఇంటికి సున్నం వేస్తున్నారు. గడపకు పసుపు రాశారు. బాలలక్ష్మి గారు గురువారం సాయంత్రం బస్సుకు వస్తున్నట్లు లక్ష్మీరాజం గారు తెలిపారు."

చుట్టూ పిల్లలు పేజీలు తిప్పుకుంటున్నారు. తలెత్తితే కిటికీ దగ్గర నుంచి సింధూజ నన్నే చూస్తోంది. దాని కళ్లు నిండుగా ఉన్నాయి. రాయకుండా ఉండడానికి ఎంత పెనుగులాడిందో ఆ పేజీలో అక్షరాలే చెబుతున్నాయి. పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది. ఎర్ర పెన్నుతో 'గురువారం' అన్న మాట కొట్టేశాను. తప్పు లేని మాటను కొట్టేయడం నా ఉద్యోగంలో అదే మొదలు. నోటుబుక్కు నా సంచిలో పెట్టుకున్నాను.

మంగళవారం సెలవు పెట్టి అత్తమ్మను సిద్దిపేటలో దవాఖానకు తీసుకుపోయాను. ఊరికే ఒకసారి చూపిద్దాం అన్నాను. బీపీ, షుగరు, గుండె అన్నీ బాగున్నాయన్నారు. డాక్టరు బల్ల మీది బోర్డు ఆమె పైకే చదివింది. బుధవారం పొద్దున మా ఆయనకు చెప్పాను. చిన్నపిల్ల రాతలకు ఇంత చదువుకున్నదానివి భయపడతావా అన్నాడు. అని, గురువారం మార్కెట్‌కు రానని ఎవరికో ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉండగా అత్తమ్మ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. ఆ రోజు పేపరు చదువుదామని నా సంచి తీసిందట.

"కొట్టేసినా కనవడుతది బిడ్డా," అంది. "గు-రు-వా-రం. ఇండ్ల ఒత్తు లేదు, జల్ది చదివిన."

పొయ్యి ఆర్పేశాను. అది పిల్ల రాత అని, ఏవేవో కలిసొచ్చాయని, ఏమీ కాదని చెప్పుకుంటూ పోయాను. ఆమె పీట వేసుకుని కూర్చుంది. నేను చెప్పడం అయ్యేదాకా ఆగింది.

"భయమైతలేదు. ఎవలో పిలుస్తలేరు గద, ఆయన పిలుస్తుండు. సున్నం సుత ఏపిస్తుండు. బతికున్నప్పుడు అనంగ అనంగ ఏపిచ్చెటోడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితె రోజా, నలబై నాలుగేండ్లు ఆయన ఏడికి పా అంటె ఆడికి పోయిన. చేనుకంటె చేనుకు, కూలికంటె కూలికి, ఈ కాలనీకంటె ఈ కాలనీకి. ఇప్పుడిప్పుడే అక్షరం పట్టువడ్డది. ఒత్తులు ఇంక రాలే. నేను ఇప్పుడే పోను."

తెల్ల కాగితం అడిగి తీసుకుంది. గంటసేపు కూర్చుని రాసింది. ఆమె చేత్తో రాసిన మొదటి సంగతి అది:

"గజేలు కాలని. బాలలచిమి బేసారం రాదు. చదువుకుంటుంది. ఒతులు అయినంక వసది. ఈ సంగతి బాలలచిమి తెలిపింది."

గురువారాన్ని ఆమె బేస్తారం అంటుంది, ఒత్తు రాక అది బేసారం అయింది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. చీకటి పడకముందే ఇద్దరం పోయి గోడ బోర్డు మీద పెట్టి వచ్చాం.

గురువారం వాన లేదు, ఎండా లేదు. మా ఆయన ఇంట్లోనే ఉండి పొద్దంతా గేటు బిగించాడు, పంపు బిగించాడు. నేను మళ్లీ సెలవు పెట్టాను. అత్తమ్మ తలంటుకుంది, ఎప్పటిలాగే తిన్నది. సాయంత్రం వరండాలో పేపరు పరుచుకుని కూర్చుంది. ఆరింటికి ఇంకో పావుగంట ఉందనగా బస్సు హారన్ వినబడింది. రెండుసార్లు. మా పాత ఊరి మలుపు తిరిగేటప్పుడు సిద్దిపేట బస్సు అలాగే కొట్టేది. మా లైన్లోకి బస్సు రాదు. వచ్చేంత వెడల్పు లేదు. ఎదురింటి ఆమె గేటు దాకా వచ్చి అటూ ఇటూ చూసింది. ఏ ఇంటి ముందూ ఏమీ లేదు. ఇంజను చప్పుడు మాత్రం కాసేపు అక్కడే నిలబడి ఉంది. తడిసున్నం వాసన వచ్చింది. మా ఆయన లేచి వచ్చి తల్లి వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

అత్తమ్మ తల ఎత్తింది. కొంగు సర్దుకుంది. లేస్తుందనుకున్నాను. మళ్లీ వంగి, వేలు వరుస మీద పెట్టి, ఆగిన చోటు నుంచి చదవసాగింది. పల్లి ధర గురించిన వార్త అది. చప్పుడు మెల్లగా దూరమైంది.

శుక్రవారం బడికి పోగానే సింధూజ కాగితం చేతిలో పెట్టింది. దాన్ని దాచడం నా వల్ల కాలేదు. సాయంత్రం అత్తమ్మకు ఇచ్చాను. ఆమె కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"లక్ష్మీరాజం గారు నిన్న సాయంత్రం బస్సుకు ఎదురు వెళ్లారు. బస్సులో నుంచి ఎవరూ దిగలేదు. బస్సు వెళ్లిపోయాక కూడా ఆయన అక్కడే నిలబడ్డారు. ఈ పొద్దున చూసినా అక్కడే ఉన్నారు."

"రాసి పెట్టిన గద," అంది అత్తమ్మ. కాగితం మడుస్తూ మళ్లీ అంది. "ఆయనకు చదువు రాదు."

ఆ రాత్రి తినలేదు. శనివారం వార్తలోనూ ఆయన అక్కడే ఉన్నాడు. వాన కురుస్తున్నా కదలలేదని సింధూజ రాసింది. అత్తమ్మ పేపరు ముట్టలేదు. పలక గోడకు ఆనించి పెట్టేసింది. ఆదివారం పొద్దున కొడుకును పిలిచి, రిజర్వాయర్ కట్ట దాకా తీసుకుపొమ్మంది. దేనికని ఆయన అడగలేదు. మేము ముగ్గురం కూరగాయల ట్రాలీ ఆటోలో బయలుదేరాం. ఎవరితోనూ చెప్పలేదు.

కట్ట మీదికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. మనిషన్నవాడు లేడు. అవతలి ఒడ్డు కనబడనంత నీళ్లు. గాలి వీస్తున్నా నీళ్ల మీద అల లేదు. మోదుగులకుంట ఏ దిక్కున ఉండేదో మా ఆయనకు కూడా ఆనవాలు చిక్కలేదు. అత్తమ్మ మాత్రం చెప్పులు విడిచి, రాళ్ల మీదుగా కొంత కిందికి దిగి, ఒక దిక్కు తిరిగి నిలబడింది. చేన్లో ఉన్న మనిషిని అన్నానికి పిలిచేటప్పుడు ఎలా పిలిచేదో అలాగే పిలిచింది.

"ఓయ్, ఇంటున్నవా. నేను రాలే. ఇప్పుడే రాను. చదువు నేర్చుకుంటున్న." నీళ్లలోకి ఒక అడుగు వేసింది. "వానల నిలవడకు. ఇంటికి పో. వచ్చే దినం నేనే చెప్త."

గొంతు నీళ్ల మీద పోయినట్టు లేదు. అక్కడికక్కడే లోపలికి ఇంకిపోయినట్టుంది. జవాబు వచ్చేంతసేపు ఆమె నిలబడింది. తర్వాత తడిసిన కుచ్చిళ్లు పిండుకుని పైకి వచ్చింది.

సింధూజ మోదుగులకుంట నుంచి చివరి వార్త రాసింది మర్నాడు, సోమవారం. ఆ తర్వాత చెయ్యి గుంజడం ఆగిపోయిందని చెప్పింది. పట్టుకు చూశాను, మామూలు పిల్లల చెయ్యిలా వెచ్చగా ఉంది. దసరా సెలవుల్లో తల్లిదండ్రులు వచ్చి దాన్ని, అమ్మమ్మను భివండి తీసుకుపోయారు. అక్కడ మరాఠీ బడిలో వేశారట. బోర్డు మీద ఇప్పటికీ పేపరు వార్తలు పెడుతున్నాం. అత్తమ్మకు ఒత్తులు వచ్చేశాయి. వచ్చాయని పైకి ఒప్పుకోదు. రోజూ ఒక మాట దగ్గర ఆగి, ఇది రాలేదు చూడు రోజా అంటుంది.

ఆ సోమవారం కాగితం ఇంటికి తెచ్చి ఇచ్చినప్పుడు ఆమె వరండాలో దీపం దగ్గరికి జరిగి, పైకే చదివింది. మేము కట్టకు పోయిన సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

"మోదుగులకుంట: నిన్న మధ్యాహ్నం పైనుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. ఆ మాటలు ఊరంతా విన్నారు. లక్ష్మీరాజం గారు బస్సు ఆగే చోటు నుంచి ఇంటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని పడుకున్నారు."

చివరి మాట దగ్గర వేలు ఆపింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. ఖాళీగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పింది.

"తిన్నడో లేదో రాయలే పిల్ల," అంది.